ఊడ్చేసిన ఊరు

ఉప్పువలస,
నవంబరు 6.

ప్రియమైన మా వకీలమ్మకి,

కమిటీ వచ్చి వెళ్లిందే కుమారీ! ఫోన్లో చెబితే సగం నవ్వుల్లో పోతుంది, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి పంపు, కేసుకి పనికొస్తుంది అన్నావు కదా. అందుకని కుట్టాల్సిన జాకెట్లన్నీ పక్కన పడేసి కూర్చున్నాను. ఎచ్చెర్ల హాస్టల్లో నీ రికార్డులన్నీ నా చేత రాయించుకున్నావు. చూడు, నా దస్తూరీ ఇంకా అలాగే ఉంది.

కోర్టు ఒక కమిటీని వేసిందనీ, ఫలానా రోజున మా ఊరొచ్చి థర్మల్ ప్లాంటు బూడిద మా ఇళ్ల మీద పడుతోందో లేదో కళ్లారా చూస్తారనీ నోటీసు రాగానే ఊరు ఊరంతా లేచింది. మందిరం వీధి, రైతుల వీధి అన్న తేడా లేదు. రైతుల వీధిలో పెద్ద గొంతు నారాయణమ్మ ఉంది చూడు, ఆవిడ కొంగు దోపి, "జడ్జీగారు పంపిన పెద్దోలొస్తంటే ఇల్లిలాగుంటాదేటే? ఏటనుకుంటారు మనల్ని?" అని ముందు తన పెంకుటింటి కప్పే కడిగించింది. ఆవిడ కడిగిందని పక్కింటివాళ్లు, వాళ్లు కడిగారని మేమూ.

సాయం ఎవరు చేశారో చెబితే నువ్వు నమ్మవు. యుగంధర్! కంపెనీ సంక్షేమాధికారి. నా పేరు మీద మనం కేసు వేసింది వాళ్ల మీదేనాయె. అయినా ఏమీ మనసులో పెట్టుకోకుండా, "ఊరి పరువు మనందరి పరువు కదమ్మా" అని నీళ్ల ట్యాంకర్లు పంపించాడు, సున్నం బస్తాలు పంపించాడు. పైపు పెట్టి కొబ్బరి మట్టల దాకా కడిగారంటే చూసుకో. నారాయణమ్మ అతనికి చేతులెత్తి దండం పెట్టి, నీ కడుపు చల్లగుండ బాబూ అంది.

మా అత్త సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఆ వయసులో, ఆ దగ్గుతో, చీపురు పట్టుకుని మా ప్రార్థన మందిరం డాబా ఎక్కేసింది. "దిగత్తా, పడిపోతావు" అంటే, "నానెక్కడ పడతానే, దేవుడు నన్ను పట్టుకునే ఉన్నాడు" అని పైనుంచి కసిరింది. గంపలకి గంపలు బూడిద దింపించి చెరువు అవతల గోతిలో పోయించింది. ఆ తర్వాత మా సీమోను డాబా గోడలకి రెండు పూతలు సున్నం వేశాడు. తాపీ మేస్త్రీ భార్యగా గర్వపడిన రోజు అదొక్కటే అనుకో.

కార్లు దిగేసరికి మందిరం తళతళలాడుతోంది. కమిటీ పెద్దాయన నాలుగు వైపులా తిరిగి చూసి, "ఇంత శుభ్రమైన ఊరు ఈ చుట్టుపక్కల చూడలేదమ్మా" అన్నాడు. ఫొటోలు తీయించాడు. మా అందరి గుండెలూ పొంగిపోయాయి. కొబ్బరినీళ్లిచ్చాం, గారెలు పెట్టాం, తిన్నారు. బూడిద సంగతి చెప్పారా అంటావేమో, ఎందుకు చెప్పలేదు? "పడతాది బాబూ, రోజూ పడతాది" అని సీమోను చెప్పాడు. ఆయన తలూపి రాసుకున్నాడు.

ఇక గెలిచినట్టే కదూ? బేగి జవాబు రాయి.

ఇట్లు,
నీ కృపారాణి


విజయవాడ,
నవంబరు 20.

ఒసే కృపా,

ప్రియమైన అని మొదలుపెడదామంటే ఇవాళ నా చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరమూ కమిటీ రిపోర్టూ ఒకే రోజు నా బల్ల మీదికొచ్చాయి. ముందు నీదే చదివాను.  అమ్మా తల్లీ, ఎంత పని చేశారే! దొంగతనం జరిగిందని పోలీసుల్ని పిలిచి, వాళ్లొచ్చేలోగా దొంగ అడుగుజాడలు కడిగి పైన ముగ్గు పెట్టారు మీరు. కమిటీ వచ్చింది బూడిద చూడ్డానికి. ఆ బూడిదని గంపలకెత్తి గోతిలో పోసి, గారెలు పెట్టి పంపించారు.

రిపోర్టులో ఏం రాశారో చెప్తాను, కూర్చుని చదువు. "ఇళ్ల కప్పులపై గాని, చెట్ల ఆకులపై గాని బూడిద ఆనవాళ్లు కనిపించలేదు. గ్రామం ఆదర్శప్రాయంగా శుభ్రంగా ఉన్నది." కింద మీ మందిరం ఫొటో. పాలరాయిలాగా వెలిగిపోతోంది. నేనే జడ్జినైతే ఆ ఫొటో చూసి కేసు కొట్టేసేదాన్ని.

యుగంధర్ మీకు సాయం చేశాడా? నీకు డిగ్రీ ఎవరిచ్చారే? తన వేలితో తన కన్ను పొడుచుకునేవాళ్లని చూశాను గాని, పొడుచుకోవడానికి ఎదుటివాడు వేలు అందిస్తే దండం పెట్టినవాళ్లని మిమ్మల్నే చూశాను.

మళ్లీ ఒకసారి చెప్తాను, మీవాళ్లకీ చెప్పు. ప్లాంటు పొగగొట్టంలోంచి ఎంత బూడిద గాలిలోకి రావచ్చో చట్టం హద్దు పెట్టింది. ఆ హద్దు దాటకుండా బూడిదని లోపలే పట్టేసే యంత్రం ఉండాలి. కంపెనీకి ఉంది. పాతది, సగం పాడైపోయింది, బాగుచెయ్యాలంటే ఖర్చు, నడపాలంటే కరెంటు. అందుకని సగం సగం నడుపుతారు. వాళ్ల మీటరు వాళ్ల గదిలోనే ఉంటుంది, అది ఎప్పుడూ అంతా బాగుందనే చెబుతుంది. దానికి ఎదురు నిలబెట్టడానికి మన దగ్గరున్నది ఒక్కటే, మీ ఊరి మీద పడే బూడిద. దాన్ని మీరే ఊడ్చేశారు.

నా తప్పూ ఉందిలే. ఊడవొద్దని ఒక్క మాట నేను చెప్పాల్సింది. ఊడవొద్దని మనుషులకి చెప్పాల్సి వస్తుందని నాకు తట్టలేదు.

ఈ రిపోర్టు మీద కోర్టులో అభ్యంతరం వేస్తున్నాను. ఇంకోసారి, చెప్పకుండా వచ్చి చూడమని అడుగుతాను. ఎప్పుడొస్తారో తెలీదు. అంతవరకూ ఉప్పువలసలో ఎవరూ చీపురు ముట్టుకోకూడదు. వాకిళ్లు, కప్పులు, మందిరం, ఏదీ. ఇదొక్కటి చెయ్యి కృపా. ఇది పోతే కేసు పోయినట్టే.

కోపంగానే ఉన్నా నీ స్నేహితురాలినే,
కుమారి


ఉప్పువలస,
డిసెంబరు 27.

ప్రియమైన కుమారికి,

నీ తిట్లన్నీ అందాయి. రెండు రోజులు అన్నం తినలేదు. యుగంధర్ నవ్వు ముఖం గుర్తొస్తే ఒళ్లు భగభగ మండిపోతోంది. నారాయణమ్మకి చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక, "సచ్చినోడు, నా సేత దండం పెట్టించుకున్నాడు" అని కంపెనీ గేటు దాకా వెళ్లి మట్టి ఎత్తి పోసి వచ్చింది.

కానీ చీపురు ఆపించడం నీకు కోర్టులో వాదించినంత తేలికనుకున్నావా? మందిరం వరండాలో రెండు వీధుల ఆడవాళ్లనీ కూర్చోబెట్టి నీ మాట చెప్పాను. ఒక్కసారి గోల. నారాయణమ్మ లేచింది. "సంకురేత్రి నెలగంట పెట్టీ దినాలొస్తంటే వాకిలూడవకుండా, కల్లాపి సల్లకుండా ఉంటామా? మా ఇల్లేటి, పాడుపడిపోనాదా?" అంది. ఆవిడ కోడలికి పురుడొచ్చే నెల, వియ్యాలవారొస్తారు, ఈ ఇంటిని చూసి ఏమనుకుంటారని ఏడుపు.

వాళ్లనైనా ఒప్పించవచ్చు గాని, మా అత్తని ఒప్పించడం ఎవరి తరం? నీకు తెలీదు కదా, సీమోను పసివాడప్పుడు జ్వరమొచ్చి చేతుల్లోంచి జారిపోతుంటే మొక్కుకుందట, వీడు బతికితే ఊపిరున్నంతకాలం నీ మందిరం ఊడుస్తాను తండ్రీ అని. ఆనాటి నుంచి ఒక్క పొద్దు మానలేదు. "దేవుడికిచ్చిన మాట కోర్టోలు మానీమంటే మానీడానికి నానేటి ఎర్రిదాన్నా?" అంది. పాస్టరు రాబర్ట్ గారు నచ్చజెప్పబోయారు. "దేవుడు కూడా ఒక దినం విశ్రాంతి తీసుకున్నాడు కదమ్మా సీతమ్మా" అంటే, "ఆయన ఒక్క దినమే మానీసేడయ్యా, మీరు నెల మానమంటన్నారు" అంది. ఆయన నవ్వు ఆపుకోలేక బైబిలు అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఆయనే, "ఈ నెల నీ మొక్కు నా మీద వేసుకుంటాను, లెక్క నేను చెప్పుకుంటాను" అని ప్రార్థన చేసి చీపురు తన ఇంటికి పట్టుకెళ్లిపోయారు. అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంక నేను రాయబోయేది నవ్వులాట కాదు కుమారీ.

మొదటి వారం ఏదో మసిపట్టినట్టు ఉందనుకున్నాం. రెండో వారానికి సున్నం వేసిన గోడ గోడలా లేదు. పొద్దున మంచు పడి బూడిద గట్టిపడి ఆకుల మీద అట్టకట్టేసింది. వాకిట్లో నడిస్తే పాదం ఆనవాలు అచ్చుపడుతోంది. క్రిస్మసు ఆరాధనకి తెల్లచీరలు కట్టుకుని కూర్చున్నాం, లేచేసరికి అందరి వెనకా బూడిదే. పాట పాడుతూ ఒకరి వెనక ఒకరు దులుపుకున్నాం, తర్వాత నువ్వొద్దన్నావని గుర్తొచ్చి చేతులు ఆపుకున్నాం. నారాయణమ్మ తన వాకిట్లో నిలబడి, "ఓలమ్మో, ఇదంతా మన మీద రోజూ పడతన్నాదేటే?" అని నెత్తిన చేతులు పెట్టుకుంది.  పొద్దున లేస్తూనే చీపురు పట్టేవాళ్లం కదా, ఎంత పడిందో ఒక్క రోజైనా చూశామా? చూసేలోపే ఊడ్చేసేవాళ్లం. ప్లాంటు వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊళ్లో ఉంటూ, మా ఊరు ఎలా ఉంటుందో మాకే తెలీదు.

ఒక్క మంచి కబురు. మా అత్త దగ్గు తగ్గింది! ఏళ్ల తరబడి ఉన్న దగ్గు. వయసుది అనుకునేవాళ్లం. మిరియాల కషాయానికి తగ్గనిది చీపురు మానేసిన మూడో వారానికి సద్దుమణిగింది. విశ్రాంతి మంచిదే కదా అని నేను వేళాకోళం చేస్తున్నాను.

నీకు క్రిస్మసు పిండివంటలు పార్సిలు పంపాను. మూత గట్టిగా పెట్టాను, భయపడకుండా తిను.

ఇట్లు,
చీపురు లేని కృప


విజయవాడ,
జనవరి 5.

ప్రియమైన కృపకి,

నాలుగు ముక్కలే రాస్తున్నాను, హియరింగుకి వెళ్లాలి. మన అభ్యంతరం ఒప్పుకున్నారు. మళ్లీ కమిటీ వస్తుంది, తేదీ ఎవరికీ చెప్పరు. చీపుర్లు అలాగే దాచి ఉంచండి.

కానీ నేను ఇది రాస్తున్నది అందుకు కాదు. మీ అత్త దగ్గు తగ్గిందన్న చోట నేను ఆగిపోయాను. నువ్వు నవ్వుతూ రాశావు గాని నాకు నవ్వు రాలేదు. ఊడవడం మానేస్తే తగ్గే దగ్గు వయసు దగ్గు కాదే. అదేం దగ్గో చూపించాలి. రేపే వెళ్లు. శ్రీకాకుళంలో డాక్టర్ పద్మజ అని ఊపిరితిత్తుల డాక్టరు ఉన్నారు, నా పేరు చెప్పు. ఛాతీ ఎక్స్-రే తీయించు. మందిరం పని ఉంది, కుట్టుపని ఉంది అన్నావంటే నేనే బస్సెక్కి వస్తాను.

పిండివంటలు అందాయి. ఆఫీసులో అందరూ తినేశారు, నాకు మిగిలింది పొడి.

నీ కుమారి


ఉప్పువలస,
ఫిబ్రవరి 12.

ప్రియమైన కుమారికి,

ఇది ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను.

ముందు కేసు సంగతి. కమిటీ వచ్చింది. పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, ఒకే జీపులో. పోయినసారి గారెలు తిన్న పెద్దాయనే. మందిరం ముందు దిగి, గోడ మీద వేలితో గీత గీసి, ఆ వేలి వంక చూసుకుంటూ ఉండిపోయాడు. "ఇది ఆ ఊరేనా?" అని డ్రైవర్ని అడిగాడు. నారాయణమ్మ ఊరుకుంటుందా? "ఆ ఊరే బాబూ. అప్పుడు మొకం కడుక్కుని ఉన్నాది" అంది. డాబా మీద, ఆకుల మీద, నూతి గట్టు మీద గీకి సీసాల్లో నింపుకుని సీలు వేశారు. యుగంధర్ పరుగున వచ్చి, ఇది రోడ్డు దుమ్ము సార్, పొయ్యి బూడిద సార్ అన్నాడు. "ఈ ఊళ్లో డాబా మీద పొయ్యి పెట్టుకుంటారా?" అని పెద్దాయన అడిగాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను మాత్రం కొట్టలేదు. అప్పటికే మా అత్తని డాక్టరమ్మకి చూపించి వచ్చాను.

పద్మజగారు ఎక్స్-రే తీయించారు. దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి చాలాసేపు చూసి, మా అత్త వైపు తిరిగి, "ఏ క్వారీలో పనిచేశావమ్మా? ఎన్నేళ్లు?" అన్నారు.

మా అత్త, "క్వారీ ఏటమ్మా? నానెప్పుడూ రాయి కొట్టలేదు. పొలం పనికెల్లేదాన్ని, మందిరం ఊడుస్తాను" అంది.

"ఊడవడమేనా?" అన్నారావిడ.

"మా ఇల్లూ, మందిరమూ. ఆదివారాలు డాబా కూడా."

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచారు. రాతి క్వారీలో, సిమెంటు మిల్లులో పనిచేసినవాళ్లకే ఇలాంటి ఊపిరితిత్తులు చూశానన్నారు. పొయ్యి పొగ కూడా ఉండి ఉంటుంది గాని ఇంత దుమ్ము పొయ్యిలోంచి రాదన్నారు. దగ్గు తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదట. లోపల పోయింది పోయినట్టే, తిరిగి రాదట. ఇక మీదట దుమ్ము తగలకుండా ఉంటే మిగిలిన ఊపిరితో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. తగిలితే ఎన్నాళ్లో చెప్పలేనన్నారు. ఒసే, కమిటీ పెద్దాయన మెచ్చుకున్నాడని నీకు గొప్పగా రాశానే, ఆ శుభ్రమంతా మా అత్త పీల్చిందే.

బస్సులో వస్తూ ఆవిడకి చెప్పాను, ఇక మందిరం ఊడవకూడదని. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక, "మరి నా మొక్కో?" అంది.  రాబర్ట్ గారు చీపురు తిరిగి ఇవ్వలేదు. ఆవిడ పొద్దున్నే లేచి మందిరం మెట్ల మీద ఊరికే కూర్చుని వస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంటుంది. నాకు చూడబుద్ధి కావడం లేదు.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం పంపుతున్నాను. కోర్టులో పెట్టు. ఆ గొట్టం ఆపించు కుమారీ. నాకు ఇంకేమీ అక్కర్లేదు. మా అత్త పీల్చే గాలిలో బూడిద ఉండకూడదు, అంతే.

నీ కృప


విజయవాడ,
జూన్ 24.

నా ప్రియమైన, నా బంగారు కృపకి,

గెలిచామే! గెలిచాం! ఉత్తర్వు చేతిలో పట్టుకుని కోర్టు మెట్ల మీద నిలబడే ఇది మొదలుపెట్టాను, అక్షరాలు వంకరపోతే నవ్వకు.

కంపెనీ లాయరు చెయ్యని వాదన లేదు. పాత రిపోర్టు చదివాడు, పొయ్యిలన్నాడు, ప్లాంటు ఆగితే రాష్ట్రం చీకటైపోతుందన్నాడు. సీసాల్లోని బూడిద పరీక్షించి, ఇది బొగ్గు కాల్చిన ప్లాంటు బూడిదే అని తేల్చారు. దాంతో అతని గొంతు తగ్గింది. మీ అత్త ఎక్స్-రే కాగితం నేనే చదివి వినిపించాను. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇలాంటి రోజు నాకు రాలేదు కృపా.

ఇప్పుడు విను. ఒకటి, గొట్టంలోంచి వచ్చే బూడిద చట్టం పెట్టిన హద్దు దాటుతోందని కోర్టు ఒప్పుకుంది. అది చాలు, ఇన్నాళ్లూ దాన్నే ఎవరూ ఒప్పుకోలేదు. రెండు, కంపెనీ బూడిద పట్టే యంత్రాలు కొత్తవి పెట్టి తీరాలి. అందుకు రెండేళ్ల గడువు. వాళ్లు నాలుగడిగారు, సగానికి తెగ్గొట్టించాను! మూడు, ఇది నీకు మరీ నచ్చుతుంది. ఆ రెండేళ్లూ మీ ఊరిని శుభ్రంగా ఉంచే పూచీ కంపెనీదే. రోజూ రెండు పూటలా వీధులు, కప్పులు, మందిరం ఊడిపించాలి, నీళ్లు చల్లించాలి. దానికి బయటివాళ్లని తేకూడదు, ఊరి ఆడవాళ్లకే నెలజీతం మీద పని ఇవ్వాలి. కేసు వేసినవాళ్ల ఇంటికి మొదటి అవకాశం ఇవ్వాలని నేనే లేచి అడిగి రాయించాను. ఇన్నాళ్లూ ఊరికే చేసిన చాకిరీకి ఇక కంపెనీ జీతమిస్తుంది, ఎలా ఉంది?

ఊరందరికీ చదివి వినిపించు. నారాయణమ్మకి నా ముద్దులు. మీ అత్త కాళ్లకి దండం పెట్టానని చెప్పు.

ఆనందంతో ఉక్కిరిబిక్కిరవుతున్న
నీ కుమారి


ఉప్పువలస,
జూలై 9.

ప్రియమైన కుమారికి,

నువ్వు పంపిన ఉత్తర్వు మందిరం వరండాలో కూర్చుని రెండు వీధులవాళ్లకీ తెలుగులో చదివాను. బూడిద పడుతోందని కోర్టు ఒప్పుకుందనగానే ఈలలు. రెండేళ్లు అనేసరికి కొంచెం గుసగుస. మూడోది చదువుతూ మధ్యలో ఆగిపోయాను. నీ ఉత్తరంలో అదే మాట చదివినప్పుడు నేనూ సంతోషపడ్డానే. నీ ఆనందం చూసి నేనూ ఆనందపడ్డాను. పైకి చదివేటప్పటికి, పక్కన మా అత్త కూర్చుని వింటుంటే, అప్పుడు తెలిసింది నేను చదువుతున్నదేమిటో.

పడేది పడుతుంది. మేం ఊడవాలి. ఊడ్చినందుకు జీతమిస్తారు.

ఇల్లలకగానే పండగ కాదంటారు కదే. ఆ అలికేవాళ్లనే కదా ఈ బూడిద తింటోంది? రెండు పూటలా అని రాయించావు. ఇన్నాళ్లూ ఒక్క పూటే ఊడ్చింది మా అత్త. నిన్ను తిట్టను. సున్నం బస్తాలకి దండం పెట్టినదాన్ని, నాకేం మొహముంది నిన్ను తిట్టడానికి. శుభ్రం అన్న మాట వినగానే మన బుర్రలు అలా పనిచేస్తాయి కాబోలు. 

మొన్న యుగంధర్ వచ్చాడు. ఆకుపచ్చ కోట్లు, ముక్కుకి కట్టుకునే గుడ్డలు, కొత్త చీపుర్ల కట్టలు వ్యానులో తెచ్చాడు. కాగితం తీసి మొదటి పేరు చదివాడు. కె. కృపారాణి. అదే నవ్వు. "కోర్టే మీకు ఉద్యోగమిచ్చిందమ్మా, మేం ఎవరం కాదనడానికి?" అన్నాడు. సీమోను నా వైపు చూశాడు. వానల్లో తాపీ పని లేదు, ఇంట్లో పరిస్థితి నీకు తెలుసు. నేను తీసుకోలేదు. నారాయణమ్మ తీసుకుంది. కోటు తొడుక్కుంటూ నా కళ్లలోకి చూడలేక, "నన్నేటనుకోకే, కొడుక్కి పనిపోనాది. నానూడవకపోతే ఇంకొకరూడుస్తారు" అంది. ఏమనుకోను? ఏమీ అనుకోలేదు. ముక్కుకి గుడ్డ సరిగ్గా కట్టి పంపించాను.

అసలు సంగతి ఇది కాదు, ఉత్తర్వు చదివిన రోజున ఆ వరండాలోనే జరిగింది. అందరూ లేచి వెళుతుంటే మా అత్త లేవలేదు. నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఒలే గుంటా, ఆ పొగ ఆపీమని రాయలేదేటి జడ్జీబాబు?" అంది.

"రాశారత్తా. కొత్త యంత్రాలు పెట్టమన్నారు. రెండేళ్లు గడువిచ్చారు."

"ఎవులికి?"

"కంపెనీకి."

 రెండు మాటలకి మధ్య ఊపిరి అందక ఆగుతోంది ఈమధ్య. నేను నీళ్లు ఇవ్వబోతే వద్దంది.

"మరి నాకెంత గడువిచ్చేరే?" అంది.

నేను కాగితం వైపు చూశాను. ఏదో ఉంటుందన్నట్టు పేజీలు తిప్పాను కూడా. ఎంత సిగ్గేసిందో నీకు చెప్పలేను. ఆవిడ ఎగతాళిగా అడగలేదు కుమారీ. నిజంగానే అడిగింది. ఇంతమంది పెద్దవాళ్లు కూర్చుని ఇన్ని పేజీలు రాశారు కదా, అందులో తన సంగతి ఎక్కడో రాసే ఉంటారనుకుంది. కంపెనీ అడిగితే ఇచ్చారు కాబట్టి, అడిగితే తనకీ ఇస్తారనుకుంది.

డాక్టరమ్మకి మళ్లీ చూపించాను. రెండేళ్లు అన్న మాట ఆవిడ నోట రాలేదు. నేనూ అడగలేదు.

అప్పీలు వెయ్యి. కాగితాలు వెంటనే పంపు. ఈసారి కేసు నా పేరు మీద కాదు, సీతమ్మ పేరు మీద. ఆవిడే అంది. ఊరి శుభ్రం గురించి ఒక్క ముక్క అడగొద్దు. ఆ రెండేళ్లు కొట్టేయమను, యంత్రాలు పెట్టేదాకా గొట్టం ఆపమను. తేదీ పడితే ఆవిడని నేనే విజయవాడ తీసుకొస్తాను. అంత దూరం బస్సులో కూర్చోలేవత్తా, కుమారి ఉంది, మాట్లాడుతుంది అంటే వినలేదు. "నువ్వూ ఆ గుంటా సదువుకున్నోలు, మీకు అడగడం రాలేదు. నన్ను ఆ బాబు కాడికి తీసుకెల్లు, నానే అడుగుతాను" అంది.

ఎదురుచూస్తూ,
నీ కృప